ఆడపడుచు సంతకం, అమ్మ గది: ఒక కొళత్తూరు ఇంటి కేసు

మా లాయరు ఆఫీసుకు పని చిన్నదిగానే వచ్చింది. తన వాటా వదులుకుంటున్నానని రాసే రెండు పేజీల విడుదల పత్రం ముసాయిదా పట్టుకుని ఒక ఆడపడుచు వచ్చింది. "అన్నయ్యకు బ్యాంకు లోను కావాలంట. నేనొక సంతకం పెడితే చాలంట. పెట్టొచ్చా సార్?" పక్కన వాళ్లమ్మ, 71 ఏళ్ల మనిషి, ఒళ్లో గుడ్డ సంచి. సంచిలో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, నాలుగు మెడికల్ షాపు బిల్లులు. కేసు ఆ బిల్లుల దగ్గరే మొదలైంది. భర్త పెరంబూరు ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ)లో రిటైరైన ఉద్యోగి. రైల్వే పెన్షనరు భార్యకు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో మందులు ఉచితం. మరి ఈమె బజారులో ఎందుకు కొంటోంది? మెడికల్ కార్డు పెద్దకొడుకు ఇంట్లో ఉండిపోయిందట. ఏటీఎం కార్డూ అక్కడే. ఆమె కూతురింటికి వచ్చి ఎనిమిది నెలలు.

"నన్ను పొమ్మన్లేదయ్యా. ఉండమని కూడా అన్లేదు" అంది.

మనుషుల గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం. చట్టం, లెక్క, కాగితాల వరస మాత్రం జరిగినట్టే ఉన్నాయి. చెన్నైలో తెలుగు కుటుంబాల ఇళ్ల తగాదాల్లో ఈ నమూనా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఇల్లు ఎవరిది

చెన్నై కొళత్తూరులో 900 చదరపు అడుగుల స్థలం, కింద ఇల్లు. 1986లో భర్త తన జీతంతో, తన పేర కొన్నాడు. 2011లో వీలునామా లేకుండా పోయాడు. అప్పటికి ఆయన తల్లి లేదు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8, 10 ప్రకారం నలుగురికీ తలా పావు.

ఇక్కడే మొదటి అపోహ. "ఆడపిల్లకు హక్కు 2005 తర్వాతే కదా, ఈమెకు అంతకుముందే పెళ్లయింది కదా" అని పెద్దకొడుకు తరఫువాళ్లు చెబుతూ వచ్చారు. 2005 నాటి చట్ట సవరణ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితానికి సంబంధించింది. తమిళనాడులో ఆ విషయంలో 1989 నుంచే సొంత సవరణ ఉంది. 1989 మార్చి 25కు ముందు పెళ్లయినవాళ్లకు అది వర్తించదు. ఇక్కడ అవేవీ అవసరం లేదు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. అలాంటి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచే ఉంది, పెళ్లయినా కాకపోయినా.

2012లో కొడుకులిద్దరూ తమ పావులు అమ్మ పేర విడుదల చేసి రిజిస్టరు చేయించారు. కూతురు అప్పుడు నెల్లూరులో బాలింత. "ఆమెది తర్వాత రాయించుకోవచ్చు" అని దస్తావేజు రాసినాయన అన్నాడట. ఆ తర్వాత అనేది రాలేదు. పట్టా, ఇంటి పన్ను, కరెంటు అన్నీ అమ్మ పేరికి మారాయి. ఇల్లంతా అమ్మదేనని అందరూ అనుకున్నారు, కూతురితో సహా. నిజానికి అమ్మది ముప్పావు, కూతురిది పావు. పట్టా ఎవరి పేర ఉంటే ఇల్లు వాళ్లదని కాదు. పట్టా రెవెన్యూ లెక్క. హక్కు దస్తావేజుతోనో వారసత్వంతోనో వస్తుంది.

2019లో అమ్మ ఇల్లు మొత్తాన్ని పెద్దకొడుక్కి సెటిల్‌మెంట్ (డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే దస్తావేజు) రాసింది. "ప్రేమాభిమానాలతో" అనే మాట తప్ప షరతు ఏదీ లేదు. పోషిస్తానని ఆయన నోటిమాటగా చెప్పాడు. మొత్తం రాసినా, తనకు లేనిది ఇవ్వలేదు కాబట్టి పోయింది ముప్పావే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైంది కదా అంటారు. నమోదు చేసే అధికారి హక్కు తేల్చడు. నమోదుకు ముందు హక్కు కాగితాలు చూపమన్న తమిళనాడు రిజిస్ట్రేషన్ నిబంధన 55-ఏ కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్లీ చెప్పింది.

పెద్దకొడుకు 2020-21లో ప్లాను మంజూరు తీసుకుని పైన ఒక అంతస్తు కట్టుకున్నాడు. కింద ముందు భాగం 11,000 అద్దెకిచ్చి, అమ్మను వెనక గదిలో ఉంచాడు. అద్దె ఆయనకే. 2025లో వ్యాపారానికి లోను అడిగితే, బ్యాంకు లాయరు పాత దస్తావేజులు చదివి కూతురి విడుదల లేదని ఎత్తిచూపాడు. అందుకని ఇప్పుడా రెండు పేజీలు.

ఆ ముసాయిదా మీద ఆమె సంతకం చేసి ఉంటే, తల్లి తలదాచుకునే ఇంటిలో ఆ కుటుంబానికి మిగిలిన చివరి పట్టు జారిపోయేది.

ముందు మందులు, తర్వాత దావా

ఇలాంటి కేసు రాగానే దస్తావేజు రద్దు గురించి ఆలోచించడం మా వృత్తిలో అలవాటు. అది తప్పు వరస అని మా గట్టి అభిప్రాయం. పెద్దవాళ్ల కేసులో మొదటి వారం డబ్బు, మందు, గుర్తింపు కాగితాలకే పోవాలి. తిండికి ఇంకొకరి చెయ్యి చూసే మనిషి రాజీ మాటల్లో దేనికైనా తలూపుతుంది.

ముందు పెన్షను బ్యాంకు. ఆమెను స్వయంగా శాఖకు తీసుకెళ్లి పాత ఏటీఎం కార్డు ఆపించాం. ఖాతాకు ముడిపడిన ఫోను నంబరు కొడుకుది. దాన్ని మార్చకుండా కొత్త కార్డు తీసుకుంటే ఓటీపీ మళ్లీ ఆయన ఫోనుకే పోతుంది. కాబట్టి నంబరు ముందు, కార్డు తర్వాత. గత 12 నెలల స్టేట్‌మెంట్ అడిగి తీసుకున్నాం. ఆమె విల్లివాక్కంలో కూతురి దగ్గర ఉన్న నెలల్లో కొళత్తూరు ఏటీఎంలో డబ్బు తీసినట్టు అందులోనే తేలింది. నిర్లక్ష్యానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఎవరినీ తిట్టనక్కర్లేదు.

తర్వాత రైల్వే మెడికల్ కార్డు నకలుకు దరఖాస్తు. ఇక్కడ పేరు అడ్డం వచ్చింది. మనవాళ్లలో ఇది అందరూ పడే తిప్పలే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పెన్షను ఆర్డరులో భర్త పేరు తొలి అక్షరం ఇనిషియల్. 2019 దస్తావేజులో "అమ్మ" అని ముగిసే పేరు "అమ్మాళ్" అయింది. తహసీల్దారు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. వాటన్నిటినీ వరసగా పేర్కొంటూ, ఇవన్నీ ఒకే మనిషి పేర్లని నోటరీ ముందు ఒక ప్రమాణపత్రం చేయించి, ప్రతి దరఖాస్తుకూ నకలు జత చేశాం. ఇది మొదటి రోజే చేసుకుంటే తర్వాత మూడు ఆఫీసుల్లో తిరుగుడు తప్పుతుంది.

ఏ దారి, ఎందుకు

మూడు దారులు కనిపించాయి. సెటిల్‌మెంట్ రద్దుకు సివిల్ దావా ఒకటి. కానీ రద్దు దావాకు విషయం తెలిసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. 2019 దస్తావేజుకు 2025లో వెళితే ముందు ఆ గడువు మీదే ఏళ్లు పోతాయి. కూతురు తన పావు కోసం భాగపంపిణీ దావా వేయడం రెండోది. దానికి గడువు బెడద అంతగా లేదు గానీ, అమ్మకు రేపటి అన్నం ఇవ్వదు. మూడోది, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్‌డీఓ అధ్యక్షుడుగా ఉండే ట్రిబ్యునల్.

ఈ చట్టం సెక్షన్ 23 చెప్పేదిది: 60 ఏళ్లు దాటిన మనిషి, తన కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిస్తే, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. చిక్కంతా "షరతు" అన్న మాట దగ్గరే. షరతు ఉండి తీరాలని, ప్రేమతో రాసిచ్చినంత మాత్రాన చాలదని 2022లో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఇది పెద్దల మేలు కోసం చేసిన చట్టం కనుక ఉదారంగా చదవాలని చెప్పి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ మార్చిలో నాగపట్నం నుంచి వచ్చిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచ్, ప్రేమాభిమానాలతో రాశామన్న మాటలోనే చూసుకుంటారన్న షరతు ఇమిడి ఉంటుందని తేల్చింది. మన తల్లి దస్తావేజుకు ఇది అతికినట్టు సరిపోయింది. అయినా ఒక్క తీర్పు మీదే బరువంతా వేయకూడదు. పెద్దకొడుకు మౌఖికంగా ఏం చెప్పాడో, ఎవరి ముందు చెప్పాడో అర్జీలో తేదీలతో సహా రాయాలి. రిజిస్ట్రేషన్ రోజు కారులో వెంట వచ్చిన మేనమామ అఫిడవిట్ ఇచ్చాడు. అది చాలా బలం.

అర్జీకి కోర్టు ఫీజు లేదు. సెక్షన్ 17 మాటల ప్రకారం ఈ ట్రిబ్యునల్ ముందు లాయరు నిలబడకూడదు. ఆ అడ్డు చెల్లదని కేరళ, ఢిల్లీ హైకోర్టులు అన్నా, మేము ఆ వాదనలోకి పోలేదు. తల్లి తానే మాట్లాడితే వచ్చే బలం మనం మాట్లాడితే రాదు. ఆమెకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు చదువుతుంది. అందుకని తమిళంలో వేసిన అర్జీకి ఒక పేజీ తెలుగు సారాంశం పెద్ద అక్షరాలతో రాసిచ్చి, ఆమె చేతే రెండుసార్లు బయటికి చదివించాం. 2019లో ఎవరైనా ఈ పని చేసి ఉంటే కేసే ఉండేది కాదు.

పోషణ ఎంత అడగాలో లెక్క వేశాం. భోజనం, పాలు 5,000. గ్యాసు, కరెంటు 1,200. పనిమనిషి 1,500. ఆటోలు 800. బట్టలు, పండగలు 700. మొత్తం 9,200. చట్టంలో నెలకు గరిష్ఠం 10,000. గుండ్రంగా పదివేలు అడిగితే అది కోపంగా కనిపిస్తుంది. పద్దుల వారీగా 9,200 అంటే అధికారి ప్రశ్న వేయడు. ప్రతివాదులుగా ఇద్దరు కొడుకులనూ చేర్చాం. చిన్నవాడి మీద ఫిర్యాదేమీ లేదు. కానీ ఒక్కడి మీదే వేస్తే "తమ్ముడు వెనకుండి ఆడిస్తున్నాడు" అన్న మాట మొదటి రోజే పుడుతుంది.

ఇంకొక విషయం వృత్తికి సంబంధించింది. తల్లికీ కూతురికీ ఈ దశలో మాట ఒకటే అయినా హక్కులు వేరు. తల్లి పనికి మేం ఉన్నాం కాబట్టి భాగపత్రం (వాటాలు పంచుకునే దస్తావేజు) వేళకు కూతురిని వేరే లాయరు దగ్గరికి పంపాం. స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. 15100కు ఫోను చేస్తే చాలు.

పెద్దమనుషుల కాగితం

ఇంతకు ముందు, 2022లోనే, కులపెద్దలు నలుగురు కూర్చోబెట్టి 20 రూపాయల స్టాంపు కాగితం మీద ఒక ఒప్పందం రాయించారు. "కింది ఇల్లు అమ్మకు, పైది పెద్దోడికి." మనసు మంచిదే. కాగితమే పనికిరాలేదు. నోటిమాటగా ముందే జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకంగా రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ ఆ కాగితమే హక్కును పుట్టిస్తే రిజిస్టరు కావాలి అని 1976లోనే సుప్రీంకోర్టు కాలే కేసులో గీత గీసింది. వీళ్లది "ఇకమీదట ఇస్తాడు" అని రాసిన కాగితం. నమోదు కాలేదు, కనుక హక్కుకు రుజువుగా నిలవదు.

అలాగని పెద్దలను పక్కన పెట్టకూడదు. ఆ కాగితం హక్కు ఇవ్వకపోయినా, మూడేళ్ల క్రితమే పెద్దకొడుకు కింది ఇల్లు అమ్మకని ఒప్పుకున్న సంగతి అందరికీ గుర్తుంది. రాజీ అక్కడి నుంచే పుట్టింది.

రాజీ ఎలా కుదిరింది

విచారణకు ముందు ట్రిబ్యునల్ కేసును రాజీ అధికారికి పంపవచ్చు. ఆయన నెలలో నివేదిక ఇవ్వాలి. రాజీ కుదిరితే ట్రిబ్యునల్ దాన్నే ఉత్తర్వుగా ఇస్తుంది. మొదటిసారి కూర్చున్నప్పుడు చెడింది. కోడళ్లు, అల్లుడు, మేనమామ, ఇద్దరు పెద్దలు కలిపి గదిలో పదకొండు మంది. అందరూ ఎవరి మర్యాద వాళ్లు కాపాడుకున్నారు. రెండోసారి తల్లీ పిల్లలూ నలుగురే లోపల ఉండాలని అధికారిని అడిగాం. కోడళ్లకు ముసాయిదా ముందురోజే ఇంటికి పంపాం. వాళ్లకు తెలియకుండా చేసిన రాజీ ఇంటికి చేరేలోపే విరుగుతుంది.

పెద్దకొడుకును కదిలించింది ఒక లెక్క. సెటిల్‌మెంట్ చెల్లదంటే తనకు సగమైనా మిగులుతుందని ఆయన నమ్మకం. మిగలదు. 2012లో తన సొంత పావు కూడా అమ్మకు విడుదల చేశాడు. రద్దయితే అమ్మది ముప్పావు, చెల్లెలిది పావు, ఆయనది సున్నా. పైన కట్టిన అంతస్తుకు డబ్బు అడగడం వేరే తగాదా. ఈ లెక్క ఒక కాగితం మీద నాలుగు వరుసల్లో వేసి చూపించేసరికి ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఆయన్ను సున్నా చేయడం న్యాయం కాదని మా అభిప్రాయం, తల్లి అభిప్రాయమూ అదే. పై అంతస్తు ఆయన కష్టార్జితం. "వాడిది వాడికుండాల. నాకు నా గది, నా పొయ్యి ఉంటే చాలు" అంది. దాని మీదే పంపకం అల్లాం.

పెద్దకొడుకు తన ముప్పావులో పావు, అంటే 225 చదరపు అడుగుల అవిభక్త (హద్దులు విడగొట్టని) వాటా, తల్లికి తిరిగి సెటిల్‌మెంట్ రాయాలి. అప్పుడు ఆయనకు సగం, తల్లికి పావు, కూతురికి పావు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి భాగపత్రం. పై అంతస్తు, 450 అడుగుల అవిభక్త స్థలం పెద్దకొడుక్కి. కింది ఇల్లు, మిగతా 450 తల్లీ కూతుళ్లకు. కింది ఇంట్లో తల్లి ఉన్నంతకాలం నివాసమూ అద్దె వసూలూ పూర్తిగా ఆమెవే. మెట్లు, బోరు, నీళ్ల సంపు, మోటారు, మిద్దె మీది ట్యాంకు ఎవరెలా వాడాలో, రిపేరు ఖర్చు ఎలా పంచుకోవాలో షెడ్యూలులో రాశాం. అంతస్తుల వారీ పంపకాల్లో తర్వాతి గొడవలు ఎక్కువగా మోటారు బిల్లు దగ్గరే పుడతాయి.

మొదట పెద్దకొడుకు అడిగింది వేరు. ఇల్లంతా తన పేరే ఉంచుకుని అమ్మకు జీవితకాలం ఉండే హక్కు మాత్రం రాస్తానన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ మొత్తం ఇంటి మీద లోను తీస్తే ఆ హక్కును వదులుకుంటున్నట్టు బ్యాంకు ఆమె సంతకం కూడా అడుగుతుంది. వాయిదాలు ఆగిన రోజు తాళం ఆమె గదికీ పడుతుంది. అంతస్తులు విడిపోతే ఆయన తన భాగాన్నే తాకట్టు పెట్టుకుంటాడు, ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేదు. జామీనుగా కూడా.

చిన్నకొడుక్కి చట్టప్రకారం ఏమీ లేదు, 2012లోనే వదిలేశాడు. తన పావు అమ్మ కోసం వదిలాడు గానీ అన్న కోసం కాదు. అన్న 3 లక్షలు డీడీగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. పోషణకు అద్దె 11,000 ఎలాగూ వస్తుంది కాబట్టి, పెద్దవాడు నెలకు 3,000, చిన్నవాడు 2,000 ఆమె ఖాతాలోకి నేరుగా వేసేలా ఉత్తర్వులో రాయించాం. అద్దె వస్తోంది కదా అని కొడుకుల వాటా ఎత్తేయకూడదు. అద్దెదారు ఖాళీ చేసిన నెలల్లోనూ ఆమె తినాలి. ఏ నెలైనా రాకపోతే, బాకీ పడ్డ రోజు నుంచి మూడు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టాలి. ఆ గడువు దాటితే వారంటు అడగలేరు. ఇది కూతురి ఫోనులో గుర్తు పెట్టించాం.

రిజిస్ట్రేషన్ రోజు

తమిళనాడులో కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంట్‌కు స్టాంపు మార్కెట్ విలువలో 1 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. 2023 జూలై 10 నుంచి వీటి గరిష్ఠాలు 40,000, 10,000. పావు వాటా విలువ 15 లక్షలకు తేలింది. స్టాంపు 15,000, ఫీజు 10,000తో ఆగింది, వెరసి 25,000. భాగపత్రానికి ప్రతి భాగానికీ ఇవే గరిష్ఠాలు. కొడుకు నుంచి తల్లికి అయితే కుటుంబ రేటు సందేహం లేకుండా వర్తిస్తుంది. అన్న నుంచి తమ్ముడికో, చెల్లెలికో సెటిల్‌మెంట్ రాయాలంటే ఈ రేటు వస్తుందని అనుకోకుండా ముందే సబ్ రిజిస్ట్రార్‌ను అడగాలి.

రెండు దస్తావేజులూ ఒకే రోజు, ముందు సెటిల్‌మెంట్, వెంటనే భాగపత్రం, వరుస నంబర్లతో. మధ్యలో ఒక్క రాత్రి ఇస్తే ఎవరో ఒకరు మనసు మార్చుకుంటారు. 3 లక్షల డీడీ నంబరు, తేదీ ముందే ముసాయిదాలో ఉన్నాయి. చివర ఒక వాక్యం: ఈ పత్రాన్ని తల్లికి తెలుగులో చదివి వినిపించి, అర్థం చెప్పిన మీదట ఆమె సంతకం చేసింది. రెండు భాషలూ చదవగలిగిన మనిషి సాక్షి.

తర్వాతి నెలలో పనులు: కొత్త ఈసీ (ఆస్తి మీద నమోదైన దస్తావేజుల జాబితా) తీసి రెండు దస్తావేజులూ ఎక్కాయో లేదో చూడటం, పట్టాలో పేర్లు, కార్పొరేషన్ పన్ను విడగొట్టడం, కింది కరెంటు మీటరు తల్లి పేరే కొనసాగించడం, అద్దెదారుకు ఇకపై అద్దె ఎవరికివ్వాలో రాతపూర్వకంగా చెప్పి సంతకం తీసుకోవడం. అద్దె ఒప్పందం కొత్తగా తల్లి పేర రాయించి, 2017 అద్దె చట్టం కింద నమోదు చేయించాం.

వీలునామా రాస్తానని ఆమె ఇప్పటికే రెండుసార్లు అడిగింది. తన పావు చిన్నవాడికి ఇవ్వాలని ఉంది. రాయొచ్చు. వీలునామా ఆమె కన్నుమూసేదాకా అమల్లోకి రాదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇంకో సెటిల్‌మెంట్ మాత్రం వద్దని, ఎవరు ఎంత ప్రేమగా అడిగినా వద్దని చెప్పాం. వీలునామా తెలుగులో, ఆమె చదువుకోగలిగే అక్షరాల్లో ఉంటుంది. అది నవంబరులో. పెన్షనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు ఎలాగూ రావాలి, ఒకే ఆటో ఖర్చులో రెండు పనులూ అవుతాయని ఆ తేదీ ఆమే పెట్టింది.